బొల్లారం: లష్కరు నేల కథ

సికింద్రాబాదును మా పెద్దలు లష్కరు అనేవారు. నేటికీ ఉజ్జయినీ మహంకాళి జాతరకు లష్కరు బోనాలనే పేరు. లష్కరు అనగా సైన్యం. ఊరి పుట్టుక ఆ పేరులోనే ఉన్నది. 1798 నాటి సంధితో ఇంగ్లీషు సేన నిజాం రాజ్యంలో పాదుకొన్నది. 1806లో దాని విడిదికి సికందర్ జా పేరు పెట్టారు. ఉత్తరాన బొల్లారంలో హైదరాబాదు కంటింజెంటు అనే వేరొక సేన ఉండేది. ఖర్చు నిజాముది, ఆజ్ఞ రెసిడెంటుది. ఆ ఖర్చుల బాకీల కిందనే 1853లో బేరారు సీమ ఇంగ్లీషు వారి చేతికి పోయింది.

నగర ప్రణాళిక అనగానే 1908 మూసీ వరదనూ, 1912లో ఏర్పడిన ఆరాయిష్-ఎ-బల్దానూ తలచుకొంటాం. అంతకు చాలా ముందే బొల్లారంలో ఏ నేల దేనికో నిర్ణయమైపోయింది. సిపాయిలకు బారకులు, దొరలకు విశాలమైన తోటలలో బంగళాలు, సరుకులమ్మే వారికి బజారు. రిసాలా అంటే అశ్వదళం. రిసాలా బజారు పేరు దాని నుండి వచ్చినదే. 1847లో హోలీ ట్రినిటీ చర్చి వెలిసింది. 1860లో కట్టిన రెసిడెంటు విడిది నేటి రాష్ట్రపతి నిలయం: 11 గదులు, 90 ఎకరాలు! బజారువారికి అంత నేల ఎవరిస్తారు?

ఇళ్ళ నడుమ అంత ఎడం ఎందుకంటే, చెడుగాలి వల్ల జ్వరాలు వస్తాయని నాటి వైద్యుల నమ్మకం. సైనికుల ఆరోగ్యంపై 1863లో వెలువడిన రాయల్ కమిషను నివేదిక తరువాత కంటోన్మెంటులలో ఈ జాగ్రత్త మరింత పెరిగింది. చివరకు 1897 ఆగస్టు 20న ఇదే సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. సిద్ధాంతం తప్పని తేలింది. దాని చలువతో పెరిగిన చెట్లు మాత్రం నిలిచాయి.

అవి నిలవడానికి కారణం వేరు. ఓల్డ్ గ్రాంటు పద్ధతిలో కట్టడం నివాసిది, నేల ప్రభుత్వానిది. అమ్మాలన్నా, కూల్చి కట్టాలన్నా అనుమతి కావాలి. సరిహద్దు దాటి అల్వాల్ వైపు అడుగుపెట్టి చూడండి, ఇంటికీ ఇంటికీ నడుమ గాలి దూరదు. అక్కడా నగరాభివృద్ధి సంస్థల పటాలు ఉన్నాయి. 1975లో హుడా వచ్చింది, 2008లో హెచ్.ఎం.డి.ఏ. దాని స్థానం తీసుకొన్నది. పటంలో రంగు వేసినంత మాత్రాన నేల ఆగదు. అమ్మకాన్ని ఆపగల చేయి ఉండాలి.

అయితే ఆ చేయి ప్రజలది కాదన్నది మరువరాదు. ఆ నీడ దొరల కోసం ఏర్పడింది, ఆ నిబంధనల ఇరుకు బజారువారి వంతైంది. 2023లో హిమాచల్‌లోని యోల్ కంటోన్మెంటు రద్దయింది. ఇక్కడి పౌర ప్రాంతాలనూ నగరపాలనలో కలపాలన్న ఆలోచన వచ్చింది. బజారువారికి తమ ఇంటిపై హక్కు రావలసిందే. హక్కుతోపాటు చెట్టును కాచే కట్టుబాటును కూడా మనమే రాసుకోగలమా? రాసుకోలేకపోతే, పదేళ్ళలో బొల్లారానికీ అల్వాల్‌కూ నడుమ సరిహద్దు ఎక్కడో మన మనుమలు కనిపెట్టలేరు.