తిరుత్తణి మెట్లు, ఉత్సవాల పట్టికలు: సంగీతసభల్లో యువతకు చోటు

ఏటా మార్గశిరం వచ్చేసరికి దక్షిణదేశంలో సంగీతోత్సవాల కార్యక్రమ పట్టికలు వెలువడతాయి. వాటి వెనుకనే ఒక ఫిర్యాదు కూడా వినిపిస్తుంది. "ఈ పట్టికలో కుర్రవాళ్ళను రప్పించే పేరు ఒక్కటైనా ఉందా? హాల్లో అన్నీ నెరసిన తలలే" అని. త్యాగరాజ కృతుల భాషను గురించి పాఠం చెప్పేటప్పుడు మా విద్యార్థులు కూడా ఈ మాటే మరో రూపంలో అడుగుతుంటారు. ప్రశ్న చిన్నదిగా కనిపించినా దీని వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను చూస్తే, పట్టికలో ఎవరి పేరు పెద్ద అక్షరాలతో వేశారన్నదాని కంటే, పాడటానికి పిన్నవయసు వారికి అందులో చోటు ఉన్నదా లేదా అన్నదే ముఖ్యమని మాకు తోస్తున్నది. ఈ విషయాన్నే కొన్ని ఉదాహరణలతో పరిశీలిద్దాం.

చెన్నై నుంచి తిరుపతి వెళ్ళే దారిలో ఉన్న తిరుత్తణితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ ఊరు పూర్వం కార్వేటినగరం జమీందారీలోనిది. వేణుగోపాలస్వామి పేర తెలుగు పదాలు కట్టిన సారంగపాణి ఆ కార్వేటినగర సంస్థానంలోని వాగ్గేయకారుడే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో భాగమయింది. ఆంధ్రరాష్ట్రం వచ్చిన తరువాత సరిహద్దు వివాదం తలెత్తింది. పటాస్కర్ సిఫారసుల మీద 1959లో చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. నేడది 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పాటలో తెలుగు, సంస్కృతం, తమిళం మూడూ వినిపించే చోటు కనుక మన పరిశీలనకు ఇంతకంటే తగిన ఊరు దొరకదు.

కర్ణాటక సంగీత సంప్రదాయంలో తిరుత్తణికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) కాశి నుంచి తిరిగివచ్చిన తరువాత ఈ కొండ మీదనే తొలి కృతి చేశారని పరంపరగా చెబుతారు. కుమారస్వామి వృద్ధుని రూపంలో వచ్చి ఆయన నోట కలకండ వేశాడట. ఆ వెంటనే మాయామాళవగౌళ రాగంలో కీర్తన వెలువడిందట. ఆయన ముద్ర 'గురుగుహ' కూడా ఆ స్వామి పేరే. దీక్షితుల వంశంవారైన సుబ్బరామ దీక్షితులు ఈ సంప్రదాయమంతటినీ గ్రంథస్థం చేస్తూ 1904లో ఎట్టయపురంలో ప్రకటించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు గ్రంథమన్న సంగతి మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది. ఇక సంగీతం నేర్చుకొనే పిల్లలు సరళీవరుసలు మొదలుపెట్టే రాగమూ మాయామాళవగౌళే. అంటే తెలిసినా తెలియకపోయినా ప్రతి పిల్లా తన మొదటి పాఠాన్ని తిరుత్తణి కథలోని రాగంతోనే మొదలుపెడుతుంది.

ఈ కొండకు 365 మెట్లు. సంవత్సరంలో రోజుకొక మెట్టని లెక్క. ప్రతి డిసెంబరు 31 రాత్రి మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం వెలిగించి, 15వ శతాబ్దికి చెందిన అరుణగిరినాథుల తిరుప్పుగళ్ పాటలు పాడుతూ ఎక్కుతారు. ఈ మెట్ల ఉత్సవాన్ని 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వళ్ళిమలై సచ్చిదానందస్వామి ఆరంభించారు. ఆంగ్ల సంవత్సరాది నాడు జనం దొరల ఇళ్ళకు వెళ్ళి శుభాకాంక్షలు చెప్పుకొనే కాలమది. దొరలకు దొర అయిన స్వామి దగ్గరికే వెళ్దాం రండి అన్నది ఆయన ఉద్దేశమని చెబుతారు. ఈ ఉత్సవంలో గమనించవలసింది ఏమిటంటే, ఇందులో కళాకారుల పట్టిక లేదు. భజన బృందాలు వస్తాయి, పాడుతూ ఎక్కుతాయి. తాత చేయి పట్టుకొని వచ్చిన మనుమడు పదో మెట్టు దగ్గర వింటాడు, యాభయ్యో మెట్టు దగ్గర వంత పాడతాడు. ఇక్కడ శ్రోత వేరు, గాయకుడు వేరు అన్న విభజన స్థిరపడలేదు. కనుక "యువత వస్తున్నదా?" అన్న ప్రశ్న కూడా ఇక్కడ సభలలో పుట్టినట్లు పుట్టలేదు.

ఆ ప్రశ్న పుట్టింది టిక్కెట్టుతోనే అని చెప్పవచ్చు. సంస్థానాల కాలంలో ఎవరు పాడాలో ప్రభువు నిర్ణయించేవాడు. వినేవారు ఆయన పిలిచినవారే. 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది ఆరంభంలో మద్రాసులో సభలు వెలసి, చందా కట్టి, టిక్కెట్టు కొని వినే శ్రోతలు ఏర్పడినప్పుడు పరిస్థితి మారింది. సభ నిలవాలంటే హాలు నిండాలి. నిండాలంటే పట్టికలో పేరున్నవారు కావాలి. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభలతోపాటు జరిగిన సంగీత సమ్మేళనం ఫలితంగా 1928లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వెలసింది. అప్పటినుంచి డిసెంబరు సంగీతకాలం క్రమంగా రూపుదిద్దుకొన్నది. కచేరీ స్వరూపమూ ఆ కాలంలోనే మారింది. అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890–1967) వర్ణంతో మొదలుపెట్టి, పెక్కు కృతులు చురుకైన నడకలో పాడి, చివర తేలిక రచనలతో ముగించే పద్ధతిని స్థిరపరచారు. అంటే కొత్త శ్రోతల కోసం పాటల వరుసను మార్చుకోవడం సంప్రదాయానికి కొత్తేమీ కాదు. నేడు మనం సనాతనమనుకొనే కచేరీ పద్ధతి ఆనాటి కొత్తదనమే.

యువకులకు చోటు దొరకడం కూడా తొలినాళ్ళలో తరచు యాదృచ్ఛికంగానే జరిగింది. 1928లో మైలాపూరు కపాలీశ్వరాలయంలో పాడవలసిన ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు రాలేకపోగా, ఆ స్థానంలో పద్దెనిమిదేళ్ళ జి. ఎన్. బాలసుబ్రహ్మణ్యం పాడారు. తరువాతి కాలంలో ఆ తరం యువశ్రోతలకు ఆయన ఎంత ఆరాధ్యుడయ్యారో సంగీతచరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. పట్టికలో ఒక పెద్దపేరు తప్పిపోయినందువల్ల ఒక తరానికి తన గాయకుడు దొరికాడన్నమాట.

తెలుగుదేశంలో దీనికి భిన్నమైన దారి కనిపిస్తుంది. ఇక్కడ పిల్లలు వేదిక ఎక్కింది టిక్కెట్టు సభల్లో కాదు, ఆరాధనోత్సవాల్లో. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఎనిమిదేళ్ళ వయసులో విజయవాడలో తన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు నిర్వహించిన సద్గురు ఆరాధనలో పాడారు. మురళీకృష్ణ పేరుకు ముందు 'బాల' అన్నమాట చేర్చినవారు హరికథకులు ముసునూరి సత్యనారాయణ. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ (1969–2014) తొమ్మిదో ఏట, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేశారు. 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ డిసెంబరు ఉత్సవంలో పన్నెండేళ్ళ ఆ పిల్లవాని వాద్యం విని నగరం ఆశ్చర్యపోయింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలోనూ ఆయన వాయించారు. గుడివాడలో ఆ పిల్లవానికి చోటు దొరక్కపోతే బెర్లిన్ దాకా దారి ఎలా పడేదో ఊహించడం కష్టం. ఆరాధన భక్తికార్యం కనుక పసివాడు పాడినా తప్పులేదు, తప్పు పాడినా తప్పులేదు. టిక్కెట్టు సభకు ఆ వెసులుబాటు ఉండదు.

అయితే ఆరాధనోత్సవాలు కూడా ఎల్లప్పుడూ అందరికీ తెరిచి ఉన్నాయనుకోకూడదు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిన తిరువైయారులో 20వ శతాబ్దపు తొలి దశకంలో పెద్ద ఎత్తున ఉత్సవాలు మొదలైన తరువాత, నిర్వాహకులు పెద్దకక్షి, చిన్నకక్షి అని రెండుగా చీలిపోయారు. స్త్రీలకు పాడే అవకాశమే లేదు. త్యాగరాజుకు గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ తాను కట్టించినచోట తానే పాడలేని స్థితిని ఎదిరించి, స్త్రీల కోసం వేరే ఉత్సవం నడిపించారు. చివరకు 1940లో మూడు పక్షాలూ కలిశాయి. ఆ తరువాత పంచరత్న కీర్తనలను అందరూ కలిసి పాడే పద్ధతి ఏర్పడింది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని ఈ అయిదింటిలో మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. పట్టికలో ముందెవరు, వెనుకెవరు అన్న తగవుకు ఈ సామూహికగానం చక్కని పరిష్కారం. అందులో మహావిద్వాంసుని పక్కన కూర్చుని నిన్ననే కృతి నేర్చుకొన్న విద్యార్థి కూడా గొంతు కలపవచ్చు. తిరుత్తణి మెట్ల మీద జరిగేది తిరువైయారులో కావేరి ఒడ్డున వేరొక రూపంలో జరిగిందని మా అభిప్రాయం.

మద్రాసు సభలు కూడా ఈ పాఠాన్ని నెమ్మదిగా నేర్చుకొన్నాయి. మధ్యాహ్నపు కచేరీలు చిన్నవారికి, సాయంకాలపు కచేరీలు పెద్దవారికి అన్న అంతస్తుల పద్ధతి ఏర్పడింది. చాలా సభలలో మధ్యాహ్నం టిక్కెట్టు ఉండదు. దీనిలో మేలూ ఉంది, కీడూ ఉంది. చోటు దొరుకుతుంది, కాని ఆ వేళకు కళాశాలలో ఉండే యువశ్రోత తన ఈడు గాయకుణ్ణి వినలేడు. వినగలిగేది విశ్రాంత ఉద్యోగులే. 1980ల మధ్యలో కొందరు యువగాయకులు కలిసి యూత్ అసోసియేషన్ ఫర్ క్లాసికల్ మ్యూజిక్ అన్న సంస్థను స్థాపించుకొన్నారు. విజయ్ శివ, సంజయ్ సుబ్రహ్మణ్యన్, టి. ఎం. కృష్ణ వంటివారు అందులోనివారే. సభ పిలుపు కోసం ఎదురుచూడక తమ పట్టిక తామే వేసుకొన్నారు. అంతకుముందే 1977లో ఢిల్లీ ఐ.ఐ.టి.లో కిరణ్ సేఠ్ ఆరంభించిన స్పిక్ మెకే ఉద్యమం కచేరీని విద్యార్థుల ముంగిటికే తీసుకువెళ్ళింది. ఈ రెండు ఉద్యమాలూ యువత రాలేదని విచారించక, యువత ఉన్నచోటుకు, యువత చేతికి పట్టికను అప్పగించాయి.

సముద్రాలు దాటినచోట ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలో క్లీవ్‌లాండు నగరపు త్యాగరాజ ఆరాధన 1978లో కొద్దిమందితో మొదలై నేడు ఈస్టరు రోజుల్లో చాలాదినాలు సాగే ఉత్సవమయింది. భారతదేశం నుంచి వెళ్ళే విద్వాంసుల కచేరీలు అక్కడ ఉన్నా, కుటుంబాలను ఏటా రప్పించేవి పిల్లల పోటీలు, సామూహిక పంచరత్నగానం. తన బిడ్డ పాడే ఉత్సవానికి తల్లిదండ్రులు ఎంతదూరమైనా వస్తారు. పోటీ కోసం వచ్చిన బిడ్డ సాయంకాలం పెద్దల కచేరీ కూడా వింటుంది. ముందు గాయని, తరువాత శ్రోత. మద్రాసులో అనుకొన్న క్రమానికి ఇది తలకిందులు.

ఇంతవరకూ చోటును గురించి చెప్పుకొన్నాం. భాషాశాస్త్రం చదువుకొన్నవారిగా మమ్మల్ని బాధించే సంగతి మరొకటి ఉంది. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో జరిగిన సమావేశంతో బలపడి, 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం స్థాపనకు దారితీసిన ఉద్యమం ఒక న్యాయమైన ప్రశ్న వేసింది. కచేరీ నడుమనంతా తెలుగు, సంస్కృత కృతులే పాడి, తమిళపాటను చివర తుక్కడాగా పాడితే, తమిళ శ్రోతకు అర్థమయ్యేదేమిటని. ఆనాడు తెలుగువారిలో కొందరు దీనిని తెలుగు మీద దాడి అనుకొన్నారు. కాని పాట వినేవానికి మాట తెలియాలన్న కోరిక ఏ భాషకూ విరోధి కాదు. ఇప్పుడు అదే ప్రశ్న తిరిగి మనవైపు వస్తున్నది. తమిళనాడులో 2006 చట్టం వల్ల బడిలో తమిళం తప్పనిసరి మొదటిభాష అయింది. తమిళలిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అందుకే అక్కడి కృతుల పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అంకెలు వేస్తారు. ఆ అంకె పడకపోతే 'పాద', 'బాధ' రెండూ ఒకటే అవుతాయి. తెలుగింట పుట్టిన తిరుత్తణి పిల్ల త్యాగరాజ కృతిని ఈ అంకెల సాయంతోనే నేర్చుకోవలసి రావచ్చు. క్లీవ్‌లాండు పిల్ల ఇంగ్లీషు అక్షరాలతో నేర్చుకొంటుంది. ఇద్దరికీ వేదిక దొరుకుతున్నది, మాట మాత్రం దొరకడం లేదు.

కనుక యువశ్రోతలకు పట్టిక నచ్చుతున్నదా అని అడిగేవారు ఇంకొంచెం ముందుకు వెళ్ళి అడగాలి. ఆ పట్టికలో అందరికంటే చిన్నవారు ఎవరు? వారికిచ్చిన వేళ ఏది? ఆ వేళకు వారి ఈడువారు రాగలరా? వారు పాడే మాట వారికి తెలుసా? మొదటి మూడు ప్రశ్నలకు సమాధానం నిర్వాహకుల చేతిలో ఉంది. నాలుగోది మన చేతిలోనిది. తెలుగునేలకు దూరంగా ఉండి తెలుగు చదువుకొంటున్న మీరు ఏ ఊళ్ళో ఉన్నా, దగ్గరలో త్యాగరాజ ఆరాధన ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఉత్సవానికి నెలరోజుల ముందు పోటీకి సిద్ధమవుతున్న ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టుకొని, వారు పాడబోయే ఒక్క కృతికి పదవిభాగం చేసి, అర్థం చెప్పండి. పండితులు కానక్కరలేదు, నిఘంటువు పక్కన పెట్టుకొంటే చాలు. తిరుత్తణిలో కొండ ఎక్కేవారు 365 మెట్లనూ ఒక్కసారి చూసి భయపడరు. ఒక పాట పాడి ఒక మెట్టు ఎక్కుతారు.