గడువు తీరినా కదలని అంకెలు

ఓటీపీ ఆయుష్షు కొద్ది నిమిషాలు. దాన్ని మోసుకొచ్చిన ఎస్సెమ్మెస్ మాత్రం ఎవరో ఒకరు తీసేసేదాకా ఫోన్‌లో ఉండిపోతుంది. పనికిరాని సందేశాలు వందల్లో పేరుకుపోతే వాడేవారి బద్ధకమని తేల్చేయడం తేలిక. చరిత్ర మాత్రం తప్పు వాడేవారిది కాదంటుంది. ఒక్కసారి వాడి పారేయాల్సిన రహస్యాన్ని, వచ్చినదల్లా దాచిపెట్టే ఉత్తరాల పెట్టెలో వేయడంతో వచ్చిన చిక్కు ఇది. పెట్టెను శుభ్రం చేసే పని ఎవరిదో ఆనాడు ఎవరూ తేల్చలేదు. ఫోనే ఆ సందేశాలను తనంతట తాను తుడిచేసే సౌకర్యాన్ని అలంకారంగా కాక, ఆలస్యంగా జరిగిన దిద్దుబాటుగా చూడాలి.

ఒకసారి వాడిన రహస్యపదం రెండోసారి చెల్లకుండా చేసే పద్ధతిని 1981లో కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ ఒక చిన్న వ్యాసంలో గణితబద్ధంగా వివరించాడు. దారిలో ఎవరైనా పొంచి విన్నా, విన్నది వారికి అక్కరకు రాదు. జర్మనీ బ్యాంకులు ఇలాంటి పనినే కాగితం మీద నడిపాయి. ఖాతాదారుకు సంఖ్యల జాబితా అచ్చువేసి పంపేవి. ఒక్కో లావాదేవీకి ఒక్కో సంఖ్య వాడి, వాడినదాన్ని కలంతో కొట్టేసుకునేవారు. యూరోపియన్ యూనియన్ కొత్త చెల్లింపు నిబంధనలు అమలైన 2019 సెప్టెంబరు దాకా ఆ కాగితాలు అక్కడక్కడా వాడుకలో ఉన్నాయి. కొట్టివేత ఆ పద్ధతిలోనే భాగమన్నది ఇక్కడ గమనించాలి. ఎస్సెమ్మెస్ పుట్టుక వేరు. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ పంపిన మొదటి సందేశం క్రిస్మస్ శుభాకాంక్ష, అంటే దాచుకోదగిన పలకరింపు. ఫోన్‌కు ఇంకా అందని సందేశాన్ని నెట్‌వర్క్ ఎంతసేపు అట్టేపెట్టాలో పంపేవారు చెప్పవచ్చు. 5 నిమిషాల నుంచి 63 వారాల దాకా గడువు పెట్టే వీలు జీఎస్‌ఎం ప్రమాణంలో ఉంది. అందిన తర్వాత ఎంతకాలం ఉండాలో చెప్పే వీలు మామూలు సందేశానికి లేదు. తెరమీద మెరిసి, దాచుకుంటే తప్ప నిలవని ‘ఫ్లాష్’ రకం ఒకటి ఉన్నా, ఓటీపీలకు వాడుకలో స్థిరపడినది మామూలు రకమే.

మన దేశంలో ఈ రెండు దారులూ కలిసింది రిజర్వు బ్యాంకు 2009 ఫిబ్రవరిలో ఇచ్చిన సర్క్యులర్ తర్వాత. ఆన్‌లైన్‌లో కార్డుతో చెల్లించేటప్పుడు కార్డు మీద కనిపించని మరో రుజువు అడగాలనీ, అది ఆగస్టు 1 నుంచి తప్పనిసరనీ అందులో ఉంది. మొదట్లో చాలా బ్యాంకులు మార్పులేని పాస్‌వర్డునే అడిగాయి. క్రమంగా ఆ చోటును ఓటీపీ ఆక్రమించింది. కార్డు చూపకుండా జరిగే 5,000 రూపాయలు, అంతకు మించిన లావాదేవీలకు వెంటనే హెచ్చరిక పంపాలన్నదీ అదే సర్క్యులర్. అంటే తాళంచెవికీ రసీదుకూ మూలం ఒకే కాగితం; చివరికి రెండూ చేరింది ఒకే ఇన్‌బాక్సులోకి. ఆ తర్వాత ఆధార్, గ్యాస్ సిలిండరు, ఇంటికొచ్చే పార్సిలు అన్నీ ఓటీపీ అడగసాగాయి. కొవిడ్ కాలంలో, 2021 ఫిబ్రవరి నుంచి, తెలంగాణ రేషన్ దుకాణాల్లో వేలిముద్ర బదులు ఓటీపీ పద్ధతి పెట్టారు. ఫోన్ నంబరును ఆధార్‌కు కలుపుకోవడానికి జనం కేంద్రాల ముందు బారులు తీరారు. ఈ సందేశాలు ఎక్కువగా ఇంగ్లీషులో వస్తాయి. లాటిన్ అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. తెలుగు లిపికి గుణింతాలూ ఒత్తులూ కలిపి 70 సంకేతాలే. ఇంగ్లీషు చదవలేని మనిషి అంకెలను గుర్తుపట్టగలడు గానీ, ఏది చెల్లిపోయిన ఓటీపీయో, ఏది ఖాతాలోంచి డబ్బు పోయిన కబురో విడదీయలేడు. వాడినదాన్ని మీరే తీసేసుకోండన్న సలహా అతని మీద మోయలేని బరువు పెడుతుంది.

ఫోన్ తయారీదారులు ముందు పట్టించుకున్నది అంకెలు కొట్టే శ్రమను. 2018లో ఐఫోన్‌ను నడిపే ఐఓఎస్ 12 సందేశంలోని అంకెలను తానే గడిలో నింపడం మొదలుపెట్టింది. తుడిచివేత అంతకన్నా ఆలస్యంగా వచ్చింది. 2021 జూన్‌లో గూగుల్ మెసేజెస్ ఓటీపీలను 24 గంటల తర్వాత తొలగించే సౌకర్యాన్ని, వాడేవారు ఒప్పుకుంటేనే అన్న షరతుతో, భారత్‌లో ప్రవేశపెట్టింది. ఐఫోన్‌కు అలాంటిది 2023లో ఐఓఎస్ 17తో దక్కింది. అక్కడ అంకెలు గడిలో నిండగానే సందేశం వెళ్లిపోతుంది.

గడువు తీరిన ఓటీపీ నిరపాయకరం కదా, ఉంటే ఏమిటని అడగవచ్చు. అంకెల వరకు నిజమే. కానీ అవి పక్కనున్నవాటిని కప్పేస్తాయి. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, బ్యాంకుదీ ఖాతాదారుదీ తప్పు లేకుండా బయటివారి వల్ల డబ్బు పోతే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేసినవారికి నష్టం అంటదు. ఆ గడువు లెక్క కబురు అందినప్పటి నుంచే మొదలవుతుంది. ఆ కబురు ఓటీపీల గుట్టలో మరుగునపడితే పోయేది సొంత సొమ్ము. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. అడగకుండా వచ్చిన ఓటీపీ ఒక హెచ్చరిక. ఎవరో మన ఖాతా తలుపు తడుతున్నారని అర్థం. ఫోన్‌లో చొరబడిన దొంగ యాప్‌లు సందేశాలను మాయం చేస్తాయని తెలిసినప్పుడు, ఫోనే ఆ పని చేస్తే ఆనవాళ్లు పోవా? పోతాయి. అందుకే వాడిన ఓటీపీకీ వాడని ఓటీపీకీ ఒకే నియమం పనికిరాదు. 24 గంటల ఎడం ఈ అభ్యంతరానికి చాలావరకు జవాబిస్తుంది. వాడకుండా మిగిలినదాన్ని ఇంకొన్నాళ్లు వేరుగా చూపిస్తే మరింత మేలు. ఓటీపీలకే కాలం చెల్లుతోంది గనుక ఈ చర్చ అనవసరమని అనేవారూ ఉన్నారు. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరు ఆదేశాలు వేరే రుజువులకు దారి తెరిచిన మాట వాస్తవమే అయినా, ఎస్సెమ్మెస్ ఓటీపీని నిషేధించలేదు.

ఫోన్ కంపెనీలు ఈ సౌకర్యాన్ని సెట్టింగుల లోపల దాచకుండా, మొదటి ఓటీపీ వచ్చినప్పుడే తెలుగులో అడగాలి. బ్యాంకులు డబ్బు పోయిన కబురును ఖాతాదారు చదవగల భాషలో పంపాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో ఈ ఏర్పాటు మీరే చేసిపెట్టండి. డెబిట్ సందేశాలను మాత్రం తుడవకుండా ఉంచమని చెప్పండి.