చిటుకు రోగం వెనక కథ

తొలకరి పడి కొండ పచ్చబడితే మేకలకూ గొర్రెలకూ పండగే. ఆ రోజుల్లోనే మందలో నవనవలాడే పిల్ల కడుపునిండా మేసి పడుకుని, తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. బక్కది బతుకుతుంది, బలిసింది పోతుంది. మన కాపరులు చిటుకు రోగమనేది దీన్నే. దోషి బయటినుంచి రాదు, పేగులోనే కాపురముంటుంది. శాస్త్రానికి ఈ సంగతి తేలడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది.

గాలి తగిలితే కదలిక ఆగిపోయే సూక్ష్మజీవులున్నాయని పాశ్చర్ 1861లో చెప్పాడు. 1891లో బాల్టిమోర్‌లో వెల్ష్ ఒక శవాన్ని కోస్తే రక్తనాళాల్లో గాలి బుడగలు కనిపించాయి. వాటికి కారణమైన బాక్టీరియాను నట్టల్‌తో కలిసి మరుసటి ఏడు ప్రకటించాడు. నేటి పేరు క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్. అది విడిచే విషాలను బట్టి 1931లో విల్స్‌డన్ ఏ, బి, సి, డి రకాలుగా విడదీశాడు. గొర్రెల్ని రాత్రికి రాత్రి చంపేది డి రకమని పశ్చిమ ఆస్ట్రేలియాలో బెనెట్స్ 1932లో నిరూపించాడు.

మామూలప్పుడు పేగులో ఇది కొద్దిగానే ఉంటుంది. గింజలో లేత మేతో అతిగా తింటే అరగని పిండిపదార్థం చిన్నపేగులోకి జారుతుంది, బాక్టీరియా విరుచుకుపడి పెరుగుతుంది. అది విడిచే ఎప్సిలాన్ విషం మొదట మొద్దుగానే ఉంటుంది. దానికి పదును పెట్టేది జంతువు సొంత జీర్ణరసం, ట్రిప్సిన్. ఇంతకన్నా ఇంటిదొంగతనం ఉంటుందా! రక్తంలో కలిశాక ఆ విషం మెదడునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

బెనెట్స్ ఫలితం వచ్చిన 1932లోనే మద్రాసు ప్రెసిడెన్సీ రాణిపేటలో పశువుల టీకాల సంస్థ మొదలైంది. రాయగడ ప్రాంతం అప్పటికి ఆ ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది, తర్వాత టీకాల తయారీ భువనేశ్వర్‌కూ వచ్చింది. చిటుకు టీకా వానాకాలం ముందు వెయ్యాలి. మొదటిసారి వేసే పిల్లకు రెండు మూడు వారాల్లో రెండో డోసు తప్పదు. మొదటిది వేసి వదిలేస్తే సగం పనే.

కొరాపుట్ వైపు ఇంకో చిక్కుంది. అక్కడ ఆంత్రాక్స్, అంటే దొమ్మ రోగం, మళ్ళీ మళ్ళీ తలెత్తుతుంది. అదీ అకస్మాత్తుగానే చంపుతుంది. చచ్చిన జీవాన్ని కోసినవాళ్ళకూ తిన్నవాళ్ళకూ సోకుతుంది. అందుకే చిటుకేనేమో అని మూత్రపిండం మెత్తబడిందో లేదో చూడ్డానికి కత్తి పట్టేముందు, పశువైద్యుడు చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం తీసి గాజుపలకపై పూసి దొమ్మ కాదని తేల్చుకుంటాడు. ఆలస్యమైతే మూత్రపిండం ఏ శవంలోనైనా దానంతటదే మెత్తబడిపోతుంది, ఇక దాన్ని చూసి చెప్పగలిగేది ఏమీ ఉండదు.