గెలాక్సీల పుట్టుక, పరిణామాల అధ్యయనం: తెలుగునేల పాత్ర – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

గెలాక్సీ రూపుదిద్దుకోవడానికి, రూపు మారడానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఆ మార్పును ఏ మనిషీ కళ్లారా చూడలేడు. అయినా గెలాక్సీల చరిత్ర ఇరవయ్యవ శతాబ్దంలో ఒక శాస్త్రంగా స్థిరపడింది. ఖగోళ శాస్త్రవేత్తలు ఆ చరిత్రను నిర్మించిన పద్ధతులను, అందులో హైదరాబాదు నిజామియా వేధశాల, ఉస్మానియా విశ్వవిద్యాలయం, గౌరీబిదనూరు, శ్రీహరికోట నిర్వహించిన పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అనంతపురం కరువుసీమలోని ఉరవకొండ ఆకాశం ఈ పరిశీలనకు ఆధారభూమిక.

కీలకపదాలు: గెలాక్సీ, పాలపుంత, నిజామియా వేధశాల, ఉస్మానియా విశ్వవిద్యాలయం, సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్, రంగాపూర్, గౌరీబిదనూరు, ఉరవకొండ.

1. ఉపోద్ఘాతం:

ఉరవకొండ దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. పడగవిప్పిన పామును తలపించే కొండ వల్ల 'ఉరగకొండ' అనే పేరు ఏర్పడి, అదే ఉరవకొండగా మారిందని స్థానికుల కథనం. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలను అడ్డగించడం వల్ల అనంతపురం ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే ఉంటుంది. రైతును కుంగదీసే ఈ మబ్బులేని ఆకాశమే ఖగోళ పరిశీలకుడు కోరుకునేది.

ఇక్కడినుండి మూడు గెలాక్సీలు ఉపకరణాల అవసరం లేకుండానే కనిపించే వీలుంది. మొదటిది మనం నివసించే పాలపుంత. దాని కేంద్రం ఉన్న ధనూరాశి దిక్కు ఉరవకొండ దక్షిణాకాశంలో గరిష్ఠంగా 46 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. రెండవది సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ. అది ఉత్తరాన 64 డిగ్రీల ఎత్తున మసక మరకలా కనిపిస్తుంది. మూడవది పాలపుంతకు ఉపగెలాక్సీ అయిన పెద్ద మెజిల్లాన్ మేఘం. అది దక్షిణ దిగంతానికి ఆరు డిగ్రీలకు మించి పైకి రాదు. గుట్టలు అడ్డులేని చోట, దుమ్ము అణగిన రాత్రి మాత్రమే చూపుకు అందుతుంది. ఈ మూడింటి గతం, భవిష్యత్తు పరస్పరం ముడిపడి ఉన్నాయన్న అవగాహన కలగడానికి శాస్త్రానికి ఒక శతాబ్దం పట్టింది.

2. శాసనాల వరుస – గెలాక్సీల వరుస:

గెలాక్సీల పరిణామాన్ని అధ్యయనం చేసే పద్ధతికి లిపిశాస్త్రంతో దగ్గరి పోలిక ఉంది. గుత్తి సమీపంలోని ఎర్రగుడి అశోక శాసనం క్రీ.పూ. మూడవ శతాబ్దం నాటిది. రేనాటి చోళుల కలమళ్ల శాసనం క్రీ.శ. 575 నాటిదని భావిస్తున్నారు. ఈ రెండింటిలో ఏ ఒక్కదానిలోనూ లిపి మారడం కనిపించదు. వేర్వేరు కాలాల శాసనాలను వరుసలో పేర్చినప్పుడే బ్రాహ్మి నుండి తెలుగు లిపి వైపు సాగిన మార్పు గోచరిస్తుంది. ఖగోళ శాస్త్రవేత్త కూడా ఒకే గెలాక్సీ ఎదగడాన్ని చూడడు. వేర్వేరు వయసుల్లో ఉన్న వేలాది గెలాక్సీలను వరుసపెట్టి మార్పును ఊహిస్తాడు.

శాసనాల్లో తేదీ ఉన్నట్లే గెలాక్సీలకు దూరమే కాలసూచిక. కాంతి ప్రయాణానికి సమయం పడుతుంది కనుక ఎంత దూరం చూస్తే అంత గతం కనిపిస్తుంది. ఉరవకొండకు సమీపంలోని వజ్రకరూరులో వజ్రాలను మోసుకొచ్చిన కింబర్లైట్ శిలలు సుమారు 110 కోట్ల సంవత్సరాల నాడు భూగర్భం నుండి పైకి చొచ్చుకువచ్చాయి. ఉత్తర కిరీట రాశిలోని గెలాక్సీ గుచ్ఛం నుండి నేడు టెలిస్కోపుకు అందే కాంతి దాదాపు ఆ కాలం దరిదాపుల్లోనే, అంటే సుమారు వంద కోట్ల సంవత్సరాల క్రితం బయలుదేరింది. గెలాక్సీల చరిత్రలో ఇది ఇటీవలి అధ్యాయమే. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు.

రెండవ ఆధారం వర్ణపటం. అందులోని రేఖలు దీర్ఘ తరంగాల వైపు జరిగిన మేరను బట్టి దూరం, రేఖల బలాన్ని బట్టి నక్షత్రాల వయసు, రసాయన కూర్పు తెలుస్తాయి. బరువైన మూలకాలు నక్షత్రాల్లోనే తయారవుతాయి కనుక అవి తక్కువగా ఉన్న నక్షత్రం సాధారణంగా పాతతరానికి చెందినది. మూడవ ఆధారం చలనం. నక్షత్రాలు, వాయువు తిరిగే వేగం గెలాక్సీ మొత్తం ద్రవ్యరాశిని, కంటికి కనిపించని కృష్ణపదార్థంతో సహా, వెల్లడిస్తుంది.

వరుసపెట్టడంలో పొరపాటు జరిగే అవకాశం కూడా ఉంది. ఆండ్రోమెడా పాలపుంతకు వెలుపలి గెలాక్సీ అని ఎడ్విన్ హబుల్ నిరూపించిన విషయం 1925 జనవరి 1న శాస్త్రసభ ముందుకు వచ్చింది. 1926లో ఆయన గెలాక్సీలను దీర్ఘవృత్తాకార, సర్పిలాకార, క్రమరహిత రూపాలుగా వర్గీకరించాడు. వాటిలో దీర్ఘవృత్తాకార రూపాలకు 'ముందటి', సర్పిలాలకు 'తరువాతి' అనే వ్యవహారం ఏర్పడింది. రూపాల వరుస కాలక్రమం కాదని తరువాత తేలింది. సర్పిల గెలాక్సీలు ఢీకొని దీర్ఘవృత్తాకార గెలాక్సీలుగా మారగలవన్న ఆలోచన ఆ వరుసను తలకిందులు చేసింది. ఈ ఆలోచన బలపడిన క్రమంలో హైదరాబాదుకు ఒక స్థానం ఉంది.

3. నిజామియా వేధశాల – నక్షత్రాల జాబితా:

నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదు ఫిసల్‌బండలో స్థాపించిన వేధశాల 1908లో నిజాం ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలో నమోదుచేసే అంతర్జాతీయ పథకంలో ఈ వేధశాల ఒక భాగాన్ని స్వీకరించింది. చాట్‌వుడ్, పొకాక్, టి.పి. భాస్కరన్‌ల నేతృత్వంలో గాజు పలకలపై పడిన ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి, ఏడు లక్షలకు పైగా నక్షత్రస్థానాలతో పన్నెండు సంపుటాలు వెలువరించింది. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది.

ఈ శ్రమకు అసలు ఫలితం చాలా ఆలస్యంగా దక్కింది. 2000లో వెలువడిన 'టైకో-2' జాబితా సుమారు 25 లక్షల నక్షత్రాల చలనాలను అందించింది. హిప్పార్కస్ ఉపగ్రహ కొలతలను శతాబ్దారంభపు ఛాయాచిత్ర జాబితాలతో పోల్చడం ద్వారానే ఆ చలనాల లెక్క సాధ్యమైంది. ఆ పాత జాబితాలలో హైదరాబాదు భాగం కూడా ఉంది. నక్షత్రాల చలనం తెలియనిదే పాలపుంత నిర్మాణ చరిత్ర తెలియదు. కొలిచినవారి జీవితకాలంలో విసుగుపుట్టించే గుమాస్తా పనిగా కనిపించినది మూడు తరాల తరువాత మూలాధారంగా నిలిచింది.

4. గెలాక్సీల తాకిడి – ఉస్మానియా పరిశోధన:

1941లో స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ హోమ్‌బెర్గ్ గెలాక్సీల తాకిడిని విద్యుద్దీపాలతో అనుకరించాడు. ఒక్కొక్క గెలాక్సీకి 37 చొప్పున మొత్తం 74 దీపాలను బల్లపై అమర్చాడు. కాంతి, గురుత్వాకర్షణ రెండూ దూరవర్గానికి విలోమంగా తగ్గుతాయి కనుక, ఒక చోట పడే కాంతిని కొలిస్తే అక్కడి ఆకర్షణ బలం తెలుస్తుంది. కంప్యూటరు లేని కాలంలో ఇది గొప్ప ఉపాయం.

అదే ప్రశ్నను గణితంతో ఎదుర్కొన్నవారిలో హైదరాబాదుకు చెందిన సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్ (1931–2011) ముఖ్యుడు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పనిచేస్తున్న షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన 1963లో డాక్టరేటు పొందాడు. ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రంపై ఆయన వ్యాసం 1965లో 'ఆస్ట్రోఫిజికల్ జర్నల్'లో ప్రచురితమైంది. 1964లో ఉస్మానియాలో ఏర్పడిన ఖగోళశాస్త్ర ఉన్నతాధ్యయన కేంద్రంలో ఆయన, కె.ఎస్. శాస్త్రి తదితరులు ఈ పరిశోధనను కొనసాగించారు.

ఈ గణితానికి మూలమైన భావన సరళమైనది. ఒక గుచ్ఛంలో రెండు గెలాక్సీలు సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో ఒకదానిలోనుంచి ఒకటి దూసుకుపోతాయనుకుంటే, లక్ష కాంతి సంవత్సరాల వెడల్పును దాటడానికి సుమారు మూడు కోట్ల సంవత్సరాలు పడుతుంది. పాలపుంత చుట్టూ సూర్యుడు ఒకసారి తిరగడానికి పట్టేది 22 కోట్ల సంవత్సరాలకు పైమాటే. కాబట్టి తాకిడి ముగిసేలోగా నక్షత్రాలు తమ చోటునుండి పెద్దగా కదలవు. ఒక్క కుదుపు మాత్రం తగులుతుంది. ఆ కుదుపు నక్షత్రాలకిచ్చిన శక్తి గెలాక్సీల గమనశక్తినుండే తీసుకోబడుతుంది. ఈ శక్తి వేగవర్గానికి విలోమంగా మారుతుంది. వేగంగా వచ్చిన గెలాక్సీ దాదాపు చెక్కుచెదరకుండా వెళ్లిపోతుంది. నెమ్మదిగా వచ్చినది శక్తిని కోల్పోయి చిక్కుకుంటుంది, చివరకు కలిసిపోతుంది.

ఇక్కడినుండి మరొక ప్రశ్న ఉదయించింది. జంటగా తిరిగే గెలాక్సీలలో ముందు జరిగేది కలయికా, విచ్ఛిత్తా? 1978లో అల్లాదీన్, పార్థసారథి ఈ ప్రశ్నను చర్చించారు. 1982లో అల్లాదీన్, నరసింహన్ గెలాక్సీల పరస్పర గురుత్వ ప్రభావాలపై 'ఫిజిక్స్ రిపోర్ట్స్'లో సమగ్ర సమీక్ష ప్రచురించారు. ఈలోగా 1972లో టూమ్రే సోదరులు కంప్యూటరు సాయంతో గెలాక్సీల తోకలు, వంతెనలు తాకిడివల్లనే ఏర్పడతాయని చూపించారు. కంప్యూటరు చిత్రం జరిగేదేమిటో చూపింది. అది ఎందుకు జరుగుతుందో, ఏ షరతులపై జరుగుతుందో చెప్పడానికి సూత్రం కావాలి. ఉస్మానియా కృషి ఈ రెండవ కోవకు చెందినది.

5. వేధశాలలు – దూరమైన చీకటి:

నగరదీపాల వెలుగు పెరగడంతో ఉస్మానియా తన 48 అంగుళాల టెలిస్కోపును నగరానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రంగాపూర్‌లో 1968లో నెలకొల్పింది. అక్కడి పరిశీలనలు ప్రధానంగా నక్షత్రాలకు సంబంధించినవి. తరువాతి దశాబ్దాలలో ఆ టెలిస్కోపు నిరుపయోగమైంది. పరికరం ఆగిపోయినా సిద్ధాంతం మిగిలింది. అయితే సిద్ధాంతాన్ని సరిచూసే కన్ను ఇంటివద్ద లేకుండాపోయింది.

హిందూపురానికి సమీపంలో, కర్ణాటక సరిహద్దులోని గౌరీబిదనూరులో వెయ్యి డైపోల్ యాంటెనాల రేడియో టెలిస్కోపు 34.5 మెగాహెర్ట్జ్ వద్ద పాలపుంతను చిత్రించింది. అయస్కాంత క్షేత్రాలలో తిరిగే ఎలక్ట్రాన్ల ప్రసారమే ఆ పటానికి ఆధారం. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఆస్ట్రోశాట్ మరింత దూరం చూసింది. సుమారు 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీనుండి వెలువడిన తీవ్ర అతినీలలోహిత కిరణాలను అది గుర్తించినట్లు 2020లో ప్రకటితమైంది. తొలి గెలాక్సీల కాంతి తమ చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను ఎలా అయనీకరించిందో తెలుసుకోవడానికి ఇటువంటి గెలాక్సీలే సాక్ష్యాలు.

6. ముగింపు:

ఆండ్రోమెడా సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో పాలపుంతను సమీపిస్తోంది. ఈ రెండూ కలిసిపోవడం ఖాయమని చాలాకాలం భావించారు. 2025లో ప్రచురితమైన గణనలు రాబోయే వెయ్యి కోట్ల సంవత్సరాలలో ఆ కలయికకు దాదాపు సగం అవకాశమే ఉందని తేల్చాయి. త్రికోణ రాశిలోని మూడవ గెలాక్సీ ఆకర్షణ కలయికకు తోడ్పడుతుండగా, పెద్ద మెజిల్లాన్ మేఘం ఆకర్షణ దానిని తగ్గిస్తోంది. గెలాక్సీ ఎంత శక్తిని కోల్పోతుంది, చిక్కుకుంటుందా, తప్పించుకుపోతుందా అన్న ఉస్మానియా ప్రశ్నే ఇందులోనూ కేంద్రం.

దీనినిబట్టి మూడు విషయాలు స్పష్టమవుతాయి. గెలాక్సీల చరిత్ర ప్రత్యక్ష దర్శనం మీద కాక, ఆధారాల వరుస మీద నిలిచిన చరిత్ర. ఆ వరుసలో హైదరాబాదు గాజు పలకల వంటి ఓపికైన నమోదుకు, అల్లాదీన్ సూత్రాల వంటి ఆలోచనకు సమాన విలువ ఉంది. మూడవది, చీకటి ఆకాశం కూడా భద్రపరచుకోవలసిన మూలాధారమే. ఉరవకొండ దక్షిణ దిగంతంలో ఆరు డిగ్రీల ఎత్తున మినుకుమనే మేఘం పాలపుంత భవిష్యత్తును ప్రభావితం చేస్తోంది. కరువుసీమ ఇంకా పోగొట్టుకోని ఆ చీకటిలోనే దానిని చూడడం సాధ్యం.