దూరమునుండి వచ్చు ఆటకట్టు



మా నల్లగొండ ప్రాంతపు పల్లెలలో చదరంగమునకు అరుగే బడి. నేలపై బొగ్గుతో గీసిన అరువదినాలుగు గళ్లే పలక. నా పదునొకండవ యేట ఒక వృద్ధునితో ఆడుచు, నా రాజును చివరి వరుసలో నిలిపి, ముందు మూడు బంట్లను గోడవలె ఉంచి, ఇక భయము లేదని నిశ్చింతగా నుంటిని. ఆయన పలక ఆవలి కొననుండి ఏనుగును ఒక్క యెత్తున నా చివరి వరుసకు దింపి "షా" అనెను. తప్పుకొందమన్న నా బంట్లే నాకు అడ్డము! కాపుగా పెట్టిన గోడయే చెఱ యయ్యెను. దగ్గరి గుఱ్ఱమును చూచి బెదరితిని గాని, దూరపు ఏనుగును నేను చూడనే లేదు.

ఈ దూరపు బలము చదరంగమునకు పుట్టుకతో వచ్చినది కాదు. ఏడవ శతాబ్దిలో బాణుడు హర్షచరితమున ఈ యాటను ప్రస్తావించెను. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున రాజవినోదములలో దీనిని చేర్చెను. పూర్వపు నల్లగొండ జిల్లాలోని కొలనుపాక, పాలమూరు జిల్లాలోని ఆలంపురము ఆ వంశమువారు ఏలినవే. పారసీకులు, అరబ్బులు ఆడిన ప్రాచీనపు టాటలో మంత్రి మూలగా ఒక్క గడియే కదలును. నేడు మనము శకటు నుంచు చోటి కాయ మూలగా రెండవ గడికి దూకి అంతటితో ఆగును. నేటి ఏనుగు చోటనుండిన రథ మొక్కటియే బాట యున్నంత దూరము పరుగిడెడిది. పదునైదవ శతాబ్దము చివర ఐరోపాలో మంత్రికిని శకటునకును దూరగమనము అబ్బెను. అప్పటినుండి ఆట వేగిరపడినది; రాజు ఆదమఱచుటకు వీలు లేకపోయినది.

క్రొత్తవారు రెండేనుగుల కట్టును ముందు నేర్వవలెను. ఒకటి ఒక వరుసను కాయుచుండగా, రెండవది ప్రక్క వరుసన షా చెప్పును. రాజు ఒక్కొక్క వరుసయే వెనుకకు జరుగుచు అంచునకు చేరును. ఆవల వరుస లేదు గనుక ఆట కట్టు. రాజు మీదికి వచ్చినచో ఏనుగును అదే వరుసలో ఆవలి కొనకు పంపవలెను. చాలమంది ఇచటనే దానిని పోగొట్టుకొందురు.

తిరువేంగడాచార్య శాస్త్రి యను దక్షిణాది పండితుడు సంస్కృతమున విలాసమణిమంజరి రచించి, ఐరోపా పద్ధతికి అనువుగా ఇంగ్లీషున 1814లో బొంబాయిలో ప్రకటించెను. అభ్యాసకుల కొఱకు అందు చిక్కు స్థితులనే కూర్చెను. మన పండితులు వ్యాకరణమునకే పుట్టినవారను లోకాపవాదము ఇట్టిచోట నిలువదు!

మఱి హైదరాబాదు మాట. చెన్నపట్టణమువారును హైదరాబాదువారును ఉత్తరముల మూలమున రెండాటలాడిరి. చెన్నపట్టణపు ఎత్తులను ముఖ్యముగా నడపిన గులాం కాసిం, కాక్రేను దొర కలసి వానిని 1829లో అచ్చు వేయించిరి. అందే మ్యూజియో యను ఆరంభమును విమర్శించిరి. దానియందు తెల్లవారు గుఱ్ఱమును బుద్ధిపూర్వకముగా బలియిత్తురు. ప్రతిఫలముగా మంత్రియు ఏనుగును ఒకే సాలున, శకటు మూలగీతను, ఎదుటి రాజు ప్రక్కనున్న బంటుపై గుఱి పెట్టి నిలుచును. ఆ బంటునకు రాజే కాపు. సాలున నడుమ శత్రువు బంటొక్కటి అడ్డము.

ఈ స్థితిని మొన్న మా మనుమని యెదుట పలకపై పెట్టితిని. గుఱ్ఱము పోయెనే యని వాడు మొదట విచారించెను. కొంతసేపటికి ఆ అడ్డపు బంటుపై వేలుంచి, "తాతా, ఇది లేచిపోతే?" అనెను.