మూడవ చక్రానికి గాడి లేదు

1934 డిసెంబరు 11వ తేదీన థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అనే ఇద్దరు వనితలు లండను నగరంలో ఒక మోటారు సైకిలెక్కి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనుకు ప్రయాణం కట్టారు. 1935 జులై 29న చేరుకొన్నారు. నడుమ సహారా ఎడారి, కాంగో అరణ్యాలు. వెంట దిక్సూచి అయినా లేదు. వారి సాహసాన్ని కొనియాడినవారు అనేకులున్నారు గనుక ఆ పని మళ్ళీ నేను చేయబోవడం లేదు. అంత దూరానికి వారు కట్టుకొన్న బండి ఎటువంటిది, అది ఆ దారికి తగినదేనా అన్నదే నా కుతూహలం.

ఆ బండి 600 సి.సి. పాంథర్. దానికి ఒక పక్క సైడుకారు, వెనుక సామానుల ట్రెయిలరు. సైడుకారంటే తెలియని మిత్రులు 1975 నాటి 'షోలే' చిత్రంలో స్నేహితులిద్దరూ పాడుతూ పోయే బండిని తలచుకొంటే చాలు. పండితుణ్ణి గనుక 'పార్శ్వశకటం' అనాలని నాకూ చేయి దురద పెట్టింది కాని, ఆ మాట చెబితే ఏ మెకానిక్కూ బండి బాగుచేయడు. సైడుకారే ఉండనిద్దాం.

మోటారు సైకిలు మలుపులో ఒరుగుతుంది. సైడుకారు తగిలించిన మరుక్షణం ఆ ఒరిగే గుణం పోతుంది. అలాగని అది కారూ కాదు. కాడికి ఒకవైపే ఎద్దును కట్టిన చందం దానిది. లాగే చక్రం ఒక పక్క, ఈడ్వబడే బరువు మరొక పక్క. వేగం పెంచితే బండి సైడుకారు వైపు లాగుతుంది, తగ్గిస్తే అవతలి వైపు తిరగజూస్తుంది. ఎడమ పక్క సైడుకారు ఉన్న బండిని ఎడమకు వడిగా తిప్పితే సైడుకారు చక్రం గాలిలోకి లేస్తుంది. ఖాళీగా ఉంటే మరీను. ఒరగవలసిన చక్రాలు ఒరగకుండా పక్కబరువు మోయవలసి రావడంతో వాటి ఆకుల మీద, ఇరుసుల మీద, టైర్ల మీద పడే శ్రమ ఇంతా అంతా కాదు. కాబట్టి సైడుకారు బండిని ఎంచుకోవడమంటే ఇంజను ఒక్కదాన్నే ఎంచుకోవడం కాదు.

పాంథరును తయారుచేసినది యార్క్‌షైరులోని క్లెక్‌హీటన్ అనే ఊరిలోని ఫెలన్ అండ్ మూర్ సంస్థ. ఒకే ఒక సిలిండరు, అదీ ముందుకు వాలి ఉంటుంది. చట్రంలో ముందువైపు దిగవలసిన గొట్టానికి బదులు ఇంజనే ఆ స్థానంలో నిలిచి బరువు మోస్తుంది. నెమ్మదిగా తిరుగుతూనే బలంగా లాగడం దాని స్వభావం. దారి పక్కన దీపస్తంభాలు దాటేటప్పుడు ఒక స్తంభం విడిచి ఒక స్తంభం దగ్గర మాత్రమే దాని ఇంజను పేలుతుందని ఇంగ్లండులో ఒక ఛలోక్తి. అక్కడ సంసారులు పిల్లాపాపలను సైడుకారులో కూర్చోబెట్టి తిప్పడానికి వాడుకొన్న బండి అది.

అయితే దానిపై బయలుదేరినవారు నెమ్మదస్తులు కారు. బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో మోటారు సైకిలు మీద గంటకు 100 మైళ్ళు దాటిన వేగంతో చుట్టు తిరిగిన తొలి మహిళ బ్లెంకిరన్. ఆ ఘనత 1934లోనిదే. వాలక్ ఇంజనీరింగు చదువుకొన్నది. 1939లో ఆమె కూడా అదే బాటలో ఆ వేగాన్ని అందుకొన్నది. వేగం రుచి ఎరిగినవారు ఎడారికి వేగం లేని బండి మీద పోవడం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. ఒక సిలిండరు ఇంజనులో విరిగే భాగాలు తక్కువ. విరిగితే దారిలో విప్పి చూచుకోవడమూ సులువు.

ఇక దారి సంగతి. ఇసుకలో ముందుపోయిన లారీలు రెండు గాళ్ళు వేసి పోతాయి. సైడుకారు బండి వెడల్పు లారీ వెడల్పుకు సరిపోదు. మోటారు సైకిలు చక్రాలు రెండూ ఒక గాడిలో నడిస్తే మూడవ చక్రం గాళ్ళ నడుమ మిట్ట మీద పడి ఈడ్చుకొని పోవలసిందే. గాడి తప్పడం అనే మాట మనం ఎవరెవరి మీదనో వాడతాము కాని, ఈ చక్రానికి తప్పడానికైనా గాడి లేదు. అది చాలదన్నట్టు వెనుక ట్రెయిలరు. అగదెజ్ అనే ఎడారి పట్టణం చేరేలోపే ఇంజను చెడింది. విడిభాగాలు వచ్చేవరకు అక్కడ ఆగి, బాగుచేసుకొని ముందుకు సాగారు. తప్పు పాంథరుదని నేననుకోను. సైడుకారుతోనే నిండుగా ఉన్న బరువుకు ట్రెయిలరు తోడుచేయడం ఇసుకలో అధికం. కాని నీళ్ళు, పెట్రోలు, పనిముట్లు, గుడారం అన్నీ మోసుకుపోవలసినవారికి వేరే ఉపాయం ఏమున్నది?

మరొక చిక్కు. బ్రిటిషు బండికి సైడుకారు ఎడమ పక్కన ఉంటుంది. ఫ్రాన్సులోను, ఫ్రెంచి ఆఫ్రికాలోను నడక కుడి వైపున. అక్కడ నడిపే మనిషి రోడ్డు అంచున ఉంటుంది, సైడుకారు నడిరోడ్డు వైపు ఉంటుంది. ముందున్న లారీని దాటవలసి వస్తే ఎదురుగా ఏమి వస్తున్నదో తెలియదు. నైజీరియాలో అప్పుడు ఎడమ నడకే, 1972లోనే కుడికి మారింది. అక్కడికి చేరాక కొంత ఊపిరి పీల్చుకొని ఉంటారు.

ఇదే కాలంలో హంగరీ దేశస్థులు జోల్తాన్ సుల్కోవ్‌స్కీ, గ్యూలా బర్తా సైడుకారు కట్టిన హార్లీ డేవిడ్‌సన్ మీద 1928 నుండి 1936 వరకు లోకం చుట్టారు. మన దేశమూ చూచారు. వారిది రెండు సిలిండర్ల పెద్ద ఇంజను. ఆ సంస్థకు అప్పటికే అనేక దేశాలలో విక్రేతలున్నారు. నగరం నుండి నగరానికి, ఏళ్ళ తరబడి పోయేవారికి అది తగిన ఎంపిక. అగదెజ్ దారిలో విక్రేత ఉండడు.

ఆ మూడవ చక్రానికీ ఇంజను శక్తి అందించి బురదలో నడిపించిన బండ్లు రెండవ ప్రపంచయుద్ధంలో విరివిగా వచ్చాయి. జర్మనీ వారి బి.ఎం.డబ్ల్యు. ఆర్75 అటువంటిది. వెనక్కి నడిచే గేరు కూడా దానికుంది. అంతకు ముందరి ఆర్71ను చూచి సోవియట్లు ఎం-72 చేశారు. 1941లో కర్మాగారాన్ని మాస్కో నుండి ఉరల్ పర్వతాల దాపునున్న ఇర్బిత్‌కు తరలించారు. దాని వారసుడే ఉరల్ బండి. 2022లో దాని కూర్పు కజకిస్థానుకు మారింది. ఈనాడు సైడుకారు మీద దూరదేశాలు పోదలచినవారి నోట మొదట వినబడే పేరు అదే.

వాలక్ యుద్ధకాలంలో బ్రిటిషు సైన్యంలో మోటారు సైకిలు మీద ఉత్తరాలు చేరవేసింది. తరువాత అమెరికా వెళ్ళి, అరిజోనాలోని ఫీనిక్సులో మోటారు సైకిలు నడపడం నేర్పే బడి పెట్టింది. 1999లో మరణించింది. కేప్‌టౌను ప్రయాణం గురించి ఆమె వ్రాసిన పుస్తకం ఆ తరువాతనే, 2001లో, అచ్చయింది.