మేడ మీది ఆపరేషన్ థియేటర్లు

1923లో కింగ్ జార్జ్ ఆసుపత్రి వచ్చాక, ఉత్తరాంధ్రలో పెద్ద ఆపరేషన్ అంటే చాలాకాలం విశాఖలోని కేజీహెచ్ పేరే చెప్పుకునేవారు. తర్వాత పోర్టు, ఉక్కు కర్మాగారం తమ కార్మికులకు సొంత ఆసుపత్రులు కట్టుకున్నాయి. ఏ సంస్థ అండా లేనివాళ్లు కేజీహెచ్‌లో చోటు దొరక్కపోతే మహారాణిపేట, రామ్‌నగర్ చుట్టుపక్కల నర్సింగ్ హోముల్లో చేరారు. కింద డాక్టరుగారు రోగులను చూసే గది, మేడ మీద థియేటర్. మత్తు డాక్టరు కబురు అందితే వస్తారు.

ఇలాంటి చిన్న థియేటర్‌పై చట్టం కన్ను మొదట పడింది గర్భస్రావాల విషయంలో. 1971 చట్టం వాటిని అనుమతి పొందిన చోటే చేయాలంది. 2003 నిబంధనలు ఇంకా లోతుకు వెళ్లాయి: పన్నెండు వారాల లోపు గర్భమైనా సరే, పరికరాలను క్రిమిరహితం చేసే సదుపాయం, ఆగిన ఊపిరిని తిరిగి అందించే సామగ్రి, షాక్‌కు వైద్యం, అవసరమైతే రోగిని పెద్దాసుపత్రికి తరలించే ఏర్పాటు ఉండాలి. నా దృష్టిలో ఈ చివరి షరతే అన్నిటికన్నా విలువైనది. చిన్న థియేటర్లో ప్రాణం పోవడానికి కత్తి తప్పే కారణం కానక్కర్లేదు, సాయం అందడంలో జరిగిన ఆలస్యం చాలు.

మిగతా ఆపరేషన్లకు ఆ పట్టింపు రావడానికి చాలాకాలం పట్టింది. బొంబాయిలో నర్సింగ్ హోముల రిజిస్ట్రేషన్ చట్టం 1949లోనే వచ్చింది. మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్యసంస్థల చట్టం 2002లో, దాని నిబంధనలు 2007లో వచ్చాయి. ఈలోగా రోగికి దిక్కు కోర్టే. 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదని ఆ తర్వాత 2008లో తేల్చింది. గొప్ప తీర్పులే, కానీ కోర్టు మెట్లెక్కేది నష్టం జరిగాకే కదా.

జుట్టు నాట్లు, కొవ్వు తీయడం లాంటివి క్లినిక్కులకు పాకాక, సరైన శిక్షణ లేనివారు వాటికి చేయి పెట్టకూడదని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది.

అమెరికాలోని ఫ్లోరిడా 2000లోనే మరో దారి పట్టింది. డాక్టరు సొంత క్లినిక్కులో ఆపరేషన్ వికటిస్తే పదిహేను రోజుల్లో ప్రభుత్వానికి రాతపూర్వకంగా తెలపాలి. అదే ఏడాది మరణాల నేపథ్యంలో, క్లినిక్కుల్లో పూర్తి మత్తుతో చేసే ఆపరేషన్లను అక్కడి వైద్య మండలి తొంభై రోజులు ఆపించింది.

విశాఖలోనూ తనిఖీ గదుల కొలతలతో, కాగితాలతో ఆగకూడదు. మత్తు ఇచ్చేదెవరు, ఆపరేషన్ అయ్యాక రోగి దగ్గర ఉండేదెవరు, కేసు విషమిస్తే ఎన్ని నిమిషాల్లో ఎక్కడికి చేరుస్తారు అని జిల్లా వైద్యాధికారులు అడగాలి. ఆ జవాబులు రోగి బంధువులకు ఆపరేషన్‌కు ముందే తెలియాలి.